చెట్టు పోయిన పెరట్లో ముందు మట్టి పని

ఇక్రిశాట్‌కు 1972లో పటాన్‌చెరు దగ్గర చోటు కుదరడానికి అక్కడి నేల కూడా ఒక కారణం. మెట్ట పంటల మీద పరిశోధన కోసం పుట్టిన ఆ అంతర్జాతీయ సంస్థకు ఒకే ఆవరణలో నల్లరేగడీ దొరికింది, ఎర్రనేలా దొరికింది. వాన పడితే ఉబ్బి, ఎండ కాస్తే నెర్రెలిచ్చే నేల ఒకవైపు. పడిన వానను పీల్చుకుని, నాలుగు రోజులు తిరిగేసరికి పైన పెచ్చు కట్టే నేల ఇంకోవైపు. పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి దారిలో భానూర్ వైపు వెళ్తుంటే కొత్త ఇళ్ల పునాదుల పక్కన పోసిన మట్టికుప్పల్లో ఈ రెండు రంగులూ కనిపిస్తాయి.

భానూర్ పేరు చాలామందికి బీడీఎల్ వల్ల తెలుసు. ట్యాంకులను ఛేదించే క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ కర్మాగారం ఆ ఊరి పేరుతోనే నడుస్తోంది. చుట్టూ పరిశ్రమలు, వాటి వెంట కాలనీలు, వెంచర్లు పెరిగాయి. ఒకప్పటి పెద్ద పెరళ్లు చిన్నవయ్యాయి. గది పెంచాలనో, కరెంటు తీగలకు తగులుతోందనో, ప్రహరీ పగిలిందనో, చెట్టే ఎండిపోయిందనో ఏటా ఎన్నో చెట్లు నేలకొరుగుతున్నాయి. చెట్టు తీసేసినవాళ్లలో చాలామందికి ఆ చోటు బోసిపోయి ఉండటం నచ్చదు. వారం తిరక్కుండా నర్సరీ నుంచి మొక్క తెచ్చి అదే గుంతలో పెడతారు. ఆ తొందరే మొక్కకు చేటు. పాతికేళ్లు చెట్టు నిలిచిన చోట మట్టి, నీడ, నేలలోని తేమ అన్నీ ఆ చెట్టుకు తగ్గట్టు తయారై ఉంటాయి. చెట్టు పోగానే మూడూ ఒక్కసారిగా మారిపోతాయి. ముందు ఆ మట్టి కుదుటపడాలి. మొక్క తరవాత.

కొట్టే ముందు గోటితో గీరి చూడాలి

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు మాడిపోయినట్టు కనిపించాయి. కొమ్మల చివర్లు ఎండి, ఆకులు గోధుమరంగుకు తిరిగి, ఊరూరా చెట్లు నిప్పు తగిలినట్టు నిలబడ్డాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం చిగుళ్ల నుంచి కిందికి పాకడం, దానికి టీ దోమ తోడవడం ఇందుకు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చెట్టు చచ్చిందనుకుని కొట్టించినవాళ్లూ ఉన్నారు, ఓపిక పట్టినవాళ్లూ ఉన్నారు. ఓపిక పట్టినవాళ్ల చెట్లు చాలావరకు మళ్లీ చిగిర్చాయి. ఆ తెగులు తర్వాతి ఏళ్లలోనూ అక్కడక్కడా కనిపిస్తూనే ఉంది.

అందుకే గొడ్డలి పట్టే ముందు కొమ్మ మీద, ఆపైన కాండం మీద రెండు మూడు చోట్ల బెరడును గోటితోనో చాకుతోనో కొంచెం గీరాలి. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఎండిన కొమ్మలు మాత్రం తీసేసి ఒక వానాకాలం చూడొచ్చు. కాండం మొదట్లో అరల్లాంటి గట్టి పుట్టగొడుగులు గుంపుగా వచ్చి ఉంటే సంగతి వేరు. అది గానోడెర్మా అనే వేరుకుళ్లు కావచ్చు. అలాంటి చెట్టు పైకి పచ్చగా ఉన్నా గాలివానకు పడిపోయే ప్రమాదం ఉంది.

చట్టం సంగతీ మరిచిపోకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం తెలంగాణలో ఇప్పటికీ అమల్లో ఉంది. సొంత పెరట్లోని చెట్టుకైనా సాధారణంగా అటవీ శాఖ అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటే బాధ్యతా ఉంటుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి కాబట్టి ముందే ఆఫీసులో అడిగి తెలుసుకుంటే జరిమానా తప్పుతుంది.

మొద్దును ఏం చేయాలి

చెట్టు కొట్టడం ఒక పూట పని. మొద్దు, వేళ్లు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. చెట్టు ఎంత ఎత్తుంటే దాని వేళ్లు అంత లోతుకు దిగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. పక్కలకు మాత్రం కొమ్మల గొడుగు దాటి చాలా దూరం పాకుతాయి. కాబట్టి మొద్దు తీసినంత మాత్రాన నేల ఖాళీ అయినట్టు కాదు. పెరడంతా ఆ వేళ్లు కుళ్లుతూనే ఉంటాయి.

పారిశ్రామికవాడ పక్కన జేసీబీ దొరకడం తేలిక కనుక భానూర్ చుట్టుపక్కల మొద్దు పనికి దాన్నే పిలుస్తారు. గంటలో పని అయిపోతుంది. అయితే నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు జేసీబీ తిరిగితే మట్టి నొక్కుకుపోయి ఇటుకలా బిగుస్తుంది. ఆ బిగువులో గాలి ఆడదు, నీళ్లు దిగవు, కొత్త వేరు చొరబడదు. తవ్వకంలో అడుగు మట్టి పైకి, పై మట్టి అడుగుకు పోవడం ఇంకో నష్టం. సారంలో ఎక్కువ భాగం పై మట్టిలోనే ఉంటుంది. అందుకని జేసీబీ తప్పకపోతే ఎండాకాలంలో, నేల పొడిగా ఉన్నప్పుడే పిలవాలి. పై మట్టిని ఒక పక్కకు, అడుగు మట్టిని ఇంకో పక్కకు పోయించి, పూడ్చేటప్పుడు అదే వరసలో పోయించాలి. ఈ ఒక్క మాట డ్రైవరుకు ముందుగా చెబితే చాలు, చాలా మేలు జరుగుతుంది.

మొద్దు చావడానికి దాని మీద ఉప్పు పోసేవాళ్లున్నారు. ఇది మాత్రం వద్దే వద్దు. ఉప్పులోని సోడియం నల్లరేగడి బంకమట్టి రేణువులను విడగొట్టి, నీరు దిగని ముద్దగా మారుస్తుంది. మొద్దు చస్తుందో లేదో గానీ, ఆ చుట్టూ నేల మాత్రం కొన్నేళ్లపాటు పనికిరాకుండా పోతుంది. కిరోసిన్, యాసిడ్ పోయడం, నిప్పు పెట్టడం కూడా ఈ కోవలోవే. వేళ్లలో రాజుకున్న నిప్పు మట్టి కింద రోజుల తరబడి నివురుగప్పి పాకుతుంది.

తొందర లేనివాళ్లు మొద్దును నేలమట్టానికి కోయించి, పైన బర్మాతో లోతుగా రంధ్రాలు వేయించి, అందులో పేడ, మట్టి కూరి, ఎప్పుడూ తడిగా ఉంచితే శిలీంధ్రాలు, పురుగులు మెల్లగా దాన్ని తినేస్తాయి. రెండు మూడేళ్లు పడుతుంది. ఇంటి గోడకు, తలుపు చెక్కకు దగ్గరగా ఉన్న మొద్దుకు మాత్రం ఈ పద్ధతి మంచిది కాదు. కుళ్లే చెక్క చెదలను పిలుస్తుంది. చెదలు మొద్దుతో ఆగవు.

వేప, కానుగ, సుబాబుల్, కోనోకార్పస్ వంటివి కొట్టేశాక కూడా మొదట్లోంచి పిలకలు వేస్తాయి. వద్దనుకుంటే రెండు మూడు వారాలకోసారి పిలకలను తుంచేస్తూ పోవాలి. ఆకు లేక వేరులో దాచుకున్న బలం అయిపోయి మొద్దు చివరికి చస్తుంది. కావాలనుకుంటే అంతకంటే మంచి అవకాశం ఇంకోటి లేదు. తెగులు లేని వేప మొద్దు నుంచి వచ్చిన పిలకల్లో బలంగా, నేలకు దగ్గరగా పుట్టిన ఒకదాన్ని ఉంచి మిగతావి తీసేస్తే, పాతుకుపోయిన వేళ్ల దన్నుతో అది నర్సరీ మొక్క కంటే ఎంతో వేగంగా పెరుగుతుంది. గది కట్టడానికి కాకుండా కొమ్మల గోల వల్ల చెట్టు కొట్టినవాళ్లు కొత్త మొక్క కొనేముందు ఈ దారి ఆలోచించాలి.

నేల కింద జరిగేది

పెద్ద చెట్టు రోజూ నేలలోంచి నీళ్లు తోడి ఆకుల ద్వారా గాలిలోకి వదులుతుంది. నల్లరేగడిలో ఇది మామూలు విషయం కాదు. ఈ మట్టిలోని బంక ఖనిజాలు తేమ తగ్గితే కుంచించుకుపోతాయి, తేమ తగిలితే ఉబ్బుతాయి. గోడ పక్కన ఏళ్ల తరబడి చెట్టు ఉంటే ఆ కింది మట్టి ఎండి, కుంచించుకుని ఉంటుంది. చెట్టు తీసేశాక తోడేవాళ్లు లేక తేమ మళ్లీ చేరుతుంది. మట్టి పైకి ఉబ్బుతుంది. చెట్టు వల్ల బీటలు పడ్డాయని తీయిస్తే, తీసేశాక వానాకాలంలో కొత్త బీటలు కనిపించడానికి కారణం ఇదే కావచ్చు. ఎర్రనేలలో ఈ బాధ పెద్దగా ఉండదు. నల్లనేలలో ఉన్నవాళ్లు చెట్టు తీసిన గుంతను గోడ పక్కన తెరిచి వదిలేయకూడదు. వాన నీళ్లు పునాది వైపు కాకుండా బయటికి పారేలా వాలు ఇవ్వాలి. కొత్త ప్రహరీయో, గచ్చో అక్కడే వేయాలనుకుంటే ఒక వానాకాలం గడిచాక వేయడం క్షేమం.

ఇంకో మార్పు కంటికి కనిపించదు. చెట్టు కోసినప్పుడు రాలిన రంపపు పొట్టును, చెక్క పేళ్లను చాలామంది ఎరువే కదా అని గుంతలో కలిపేస్తారు. రంపపు పొట్టులో కార్బన్ విపరీతంగా, నత్రజని అతి కొద్దిగా ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. పొట్టులో లేదు కాబట్టి చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. కొత్తగా నాటిన మొక్క ఆకులు పసుపురంగుకు తిరగడానికి, ఎదుగుదల ఆగిపోవడానికి చాలాచోట్ల మూలం ఇక్కడే ఉంది. అదే పొట్టును, పేళ్లను మట్టిలో కలపకుండా పైన రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే నష్టం లేదు. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. రెండేళ్లకు అదే మెల్లగా మట్టిలో కలిసి సారమవుతుంది.

తీసింది నీలగిరో, సుబాబులో అయితే వాటి ఆకుల్లోని రసాయనాలు కొన్ని చిన్న మొక్కల మొలకను అడ్డుకుంటాయి. పాత ఆకులను ఊడ్చేసి, రెండు మూడు మంచి వానలు నేలను కడిగేదాకా ఆగితే ఆ ప్రభావం తగ్గుతుంది. వేరుకుళ్లుతో పోయిన చెట్టయితే కుళ్లిన వేళ్లను దొరికినంతవరకు ఏరి పారేసి, ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వేయాలి. తొంభై కిలోల పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, కిలో నుంచి రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీళ్లు చిలకరించి, గోనెసంచులు కప్పి, నీడలో వారం పది రోజులు ఉంచితే ఆ మంచి శిలీంధ్రం ఎరువంతా అల్లుకుంటుంది. ఈ మోతాదు వ్యవసాయాధికారులు రైతులకు చెప్పేదే. పెరటికి అందులో పదో వంతు చేసుకున్నా సరిపోతుంది.

రోహిణి నుంచి ఆగస్టు దాకా

మట్టి కుదుటపడేదాకా ఆగమంటే ఏళ్ల తరబడి ఆగమని కాదు. చెట్లు ఎక్కువగా కొట్టేది ఎండాకాలంలోనే కనుక కార్తెలు కలిసొస్తాయి. రోళ్లు పగిలే రోహిణి ఎండలకు తవ్విన మట్టిని ఆరబెడితే పురుగుల గుడ్లు, తెగులు బీజాలు కొంతవరకు నశిస్తాయి. జూన్ మొదటి వారం దాటి మృగశిర వానలు పడగానే ఆ జాగాలో పచ్చిరొట్ట చల్లాలి. నల్లనేలకు జీలుగ మంచిది, నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది. నేలలో కొంత ఉప్పు ఉన్నా పెరుగుతుంది. ఎర్రనేలకు జనుము సరిపోతుంది. పొలానికైతే ఎకరాకు పదిహేను ఇరవై కిలోల జనుము విత్తనం వాడతారు. ఆ లెక్కన వంద గజాల పెరటికి అరకిలో లోపే చాలు. నలభై అయిదు రోజులకు, పూత మొదలయ్యే సమయంలో, కోసి ముక్కలు చేసి మట్టిలో కలిపేస్తే రెండు వారాల్లో కుళ్లిపోతుంది. రెండూ కాయజాతివే కాబట్టి వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తుంది. పాత వేళ్లు కుళ్లేటప్పుడు తగ్గిన నత్రజనికి ఇది బదులు.

ఇదంతా అయ్యేసరికి ఆగస్టు మధ్యకు వస్తాం. సెప్టెంబరు చివరి దాకా వానలుంటాయి కనుక నాటడానికి అది మంచి అదను. పచ్చిరొట్టకు ఇచ్చిన ఆ రెండు నెలలే తర్వాతి పదేళ్ల ఎదుగుదలను నిర్ణయిస్తాయి.

ఈలోగా నీడ సంగతి చూసుకోవాలి. పాత చెట్టు నీడలో పెరిగిన తమలపాకు తీగ, ఫెర్న్‌లు, కుండీ మొక్కలు ఏప్రిల్ ఎండకు రెండు రోజుల్లో మాడిపోతాయి. వాటికి యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ నాలుగు కర్రల మీద కట్టినా చాలు. వానలు పడ్డాక అదే కర్రల మీద పందిరి వేసి బీర, సొర, చిక్కుడు పాకిస్తే ఆ ఏడాదికి నీడా, కూరా రెండూ వస్తాయి. మునగ, బొప్పాయి ఏడాదిలో తలెత్తు దాటుతాయి. పెద్ద చెట్టు ఎదిగేదాకా ఈ తాత్కాలిక నీడ కిందే మిగతా పెరడు బతుకుతుంది.

నీళ్లను కొలవాలి

పటాన్‌చెరు బెల్టులో తోట వేసేవాళ్లు నీళ్లను గుడ్డిగా నమ్మకూడదు. పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు, దాని వెంట ఉన్న ఊళ్ల చెరువులు, బోర్లు ఎలా పాడయ్యాయో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. ఆ వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కర్మాగారం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని ప్రకటించాక పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా వినిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఈ గాయం ఇంకా పూర్తిగా మానలేదు.

బెల్టులోని ప్రతి బోరూ చెడిపోయిందని దీనర్థం కాదు. బోరు నీటిలో లవణాలు ఎక్కువైతే ముందు దెబ్బతినేది లేత మొక్కే. ఆకుల అంచులు మాడతాయి, చిగురు రాదు. మామిడి ఈ విషయంలో మరీ సుకుమారం. మట్టి పరీక్షతో పాటు నీటి పరీక్షా చేయించుకోవాలి. బోరు నీళ్లు బాగా లేవని తేలితే మొదటి రెండేళ్లయినా మొక్కలకు వాన నీళ్లు దాచుకోవాలి. పైకప్పు మీద పడిన వానను పైపుతో ఒక డ్రమ్ముకో, సంపుకో మళ్లించడం పెద్ద ఖర్చు కాదు.

ఏం నాటాలి, ఏం నాటకూడదు

కోనోకార్పస్ కథ అందరికీ పాఠమే. ఎడారి అంచుల్లో పెరిగే ఆ చెట్టు ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు, నీళ్లు తక్కువైనా చిలవలు పలవలుగా పెరుగుతుంది. ఈ గుణాలు చూసి రోడ్ల మధ్య డివైడర్లలో, కంపెనీల గోడల వెంట, ఇళ్ల ముందు బారులు బారులుగా నాటారు. తర్వాత దాని వేళ్లు మురుగు కాలువల్లోకి, నీటి పైపుల్లోకి, కేబుళ్ల మధ్యకు చొచ్చుకెళ్లాయి. దాని పుప్పొడి ఉబ్బసం తెస్తుందన్న మాట మీద శాస్త్రవేత్తల్లో భేదాభిప్రాయాలున్నా, వేళ్ల సంగతి కళ్లకు కనిపించేదే. 2022లో తెలంగాణ ప్రభుత్వం తన మొక్కల పెంపకం కార్యక్రమమైన హరితహారంలో దాన్ని నాటవద్దని ఆదేశించింది. 2023లో గుజరాత్ కూడా నిషేధించింది. ఇప్పుడు ఎన్నో ఇళ్లవాళ్లు తీయిస్తున్నది ఈ చెట్టునే. దాని స్థానంలో వేగంగా పెరుగుతుందని ఇంకో విదేశీ మొక్కను తెస్తే పదేళ్ల తర్వాత మళ్లీ ఇదే పని మొదలవుతుంది.

వేగంగా పెరిగే చెట్టు ఎంత బలహీనమో విశాఖపట్నం చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీదుగా తీరం దాటినప్పుడు ఒక్క రోజులో పచ్చదనంలో పెద్ద భాగం కూలిపోయింది. పూలకోసం, నీడకోసం రోడ్ల వెంట నాటిన పెళుసు కొమ్మల విదేశీ చెట్లు వరసగా పడ్డాయి. మళ్లీ నాటేటప్పుడు గాలిని తట్టుకునే మన చెట్లకే పెద్దపీట వేయాలని అప్పుడు నిపుణులు గట్టిగా చెప్పారు. భానూర్‌కు తుపాన్లు రావు. కానీ మే నెల ఈదురుగాలులు వస్తాయి.

చిన్న పెరటికి సంగారెడ్డి జిల్లాలోనే పుట్టిన మంచి సమాధానం ఒకటుంది. సంగారెడ్డి పండ్ల పరిశోధనా కేంద్రంలో రుమానీ, నీలం రకాలను కలిపి ఒక మామిడి సంకరాన్ని తీశారు. జిల్లా నది పేరే పెట్టి దాన్ని మంజీర అన్నారు. మామూలు మామిడిలా మేడ దాటి పెరగదు, పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది. పాత వేపో, చింతో పోయిన చోటు నుంచి నాలుగైదు అడుగులు పక్కకు, గోడకు పది పన్నెండు అడుగుల దూరంలో ఒక మంజీర మొక్క నాటుకుంటే ఇంటికి నీడా, పిల్లలకు పండ్లూ దక్కుతాయి. ఇంత దగ్గరలో పుట్టిన రకం ఈ ఊళ్లలో ఇంకా ఎక్కువ పెరళ్లలో కనిపించాల్సింది.

జాగా ఎక్కువ ఉన్నవాళ్లు వేప, కానుగ, నేరేడు, పొగడ పెట్టుకోవచ్చు. మర్రి, రావి ఇంటికి దగ్గరగా వద్దు. అవి గుడి దగ్గరో, చెరువుగట్టునో ఉండాల్సినవి. కరెంటు తీగల కిందైతే సీతాఫలం, దానిమ్మ, పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు చాలు, విద్యుత్ సిబ్బంది ఏటా వచ్చి నరకాల్సిన పని ఉండదు. ఎండ బాగా తగిలే అంచుల్లో తంగేడు పెట్టడం ఎవరికీ గుర్తు రాదు. రాష్ట్ర పుష్పమని గౌరవించుకుంటాం, బతుకమ్మ పండగ వచ్చేసరికి పూల కోసం ఊరి బయట గట్లు వెతుక్కుంటాం. ఆ గట్లు ఇప్పుడు వెంచర్లయ్యాయి. ఒక్కసారి వేరు పట్టాక నీళ్లు అడగని, పశువులు పెద్దగా ముట్టని తంగేడు పెరట్లోనే ఉంటే పండగ పూలు ఇంట్లోనే దొరుకుతాయి. దాని పక్కన గునుగు గింజలు చల్లితే వానాకాలంలో వాటంతట అవే మొలుస్తాయి.

ఒకే చెట్టు పోయిన చోట ఒకే చెట్టు పెట్టాలన్న నియమం ఏదీ లేదు. ఒక నీడ చెట్టు, రెండు పండ్ల మొక్కలు, నాలుగైదు పొదలు, కింద నేలను కప్పే తీగో గడ్డో కలిస్తే ఒక తెగులు వచ్చినా పెరడంతా ఖాళీ కాదు. 2021లో ఇంటి చుట్టూ వేపలే ఉన్నవాళ్లు పడిన దిగులు ఇందుకు సాక్ష్యం.

కంచ గచ్చిబౌలి చెప్పిన సంగతి

భానూర్‌కు కొన్ని కిలోమీటర్ల అవతల, 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో బుల్‌డోజర్లు దిగాయి. 400 ఎకరాల్లో సుమారు 100 ఎకరాల చెట్టూ చేమా కొద్ది రోజుల్లో నేలమట్టమైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. కొట్టేసిన చోట పచ్చదనాన్ని ఎలా తిరిగి తెస్తారో చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీసింది. లోతుగా తవ్వకుండా వేళ్లు మిగిలిన చోట, విత్తనాలు మట్టిలో నిద్రపోతున్న చోట, మనుషులు దూరంగా ఉంటే చాలు, దక్కన్ పొదలు తొలి వానలకే తిరిగి చిగురిస్తాయి. మట్టిని పెళ్లగించి చదును చేసిన చోట మాత్రం ఏళ్లు పడుతుంది. వంద ఎకరాలకు వర్తించే ఈ మాట వంద గజాలకూ వర్తిస్తుంది. పెరట్లో పాత చెట్టు చుట్టూ తనంతట తాను మొలిచిన వేప, నేరేడు మొలకలను కలుపనుకుని పీకేసే ముందు ఒకసారి పరికించి చూడాలి. ఆ నేలకు, ఆ నీళ్లకు అలవాటు పడి మొలిచిన మొక్క, సంచిలో వచ్చిన మొక్క కన్నా గట్టిది.

భానూర్, పాశమైలారం, బొల్లారం వంటి చోట్ల ఈ మాట పరిశ్రమలకు మరీ వర్తిస్తుంది. పర్యావరణ అనుమతులిచ్చేటప్పుడు కంపెనీ స్థలంలో కొంత భాగం పచ్చదనం అడుగుతారు. ఆ కాలమ్ నింపడానికి నాటిన ఒకే జాతి వరసలకంటే యాదాద్రి నమూనా మేలు. ఎకరాకు నాలుగు వేల దాకా స్థానిక జాతుల మొక్కలను దట్టంగా, కలగలిపి నాటే ఈ పద్ధతిని తెలంగాణ అటవీ శాఖ హరితహారంలో అమలు చేసింది. ఇంటి పెరటికి ఇంత దట్టం అక్కర్లేదు. కంపెనీ గోడ వెంట అర ఎకరం ఉన్నచోట అది దుమ్మునూ చప్పుడునూ అడ్డుకునే చిన్న అడవే అవుతుంది.

నాటే రోజు, ఆ తరవాత

మొక్క నాటడంలో జరిగే పొరపాట్లు చిన్నవే, నష్టం మాత్రం పెద్దది. నల్ల పాలిథిన్ సంచి తీయకుండా అడుగు చింపి నాటేస్తే వేళ్లు సంచిలోనే చుట్టలు తిరిగి, అయిదో ఏట గాలికి చెట్టు ఒరిగిపోతుంది. సంచి పూర్తిగా తీసి, చుట్టుకున్న వేళ్లను విడదీసి, బాగా మెలిదిరిగినవాటిని కత్తిరించి నాటాలి. మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత కావాలి. పై మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి నింపాలి. అంటు మొక్కయితే అంటు కట్టిన ముడి నేలకు పైనే ఉండాలి.

నల్లనేలలో గుంత తవ్వితే అది వానాకాలంలో తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. అక్కడ నేల మట్టానికి అడుగు ఎత్తున దిబ్బ పోసి దాని మీద నాటడం ఉత్తమం. ఇక్రిశాట్ నల్లరేగడి పొలాల్లో వెడల్పాటి ఎత్తు మడులు, మధ్యలో కాలువలు తీసి దశాబ్దాలుగా చూపిస్తున్నదీ ఇదే: అదనపు నీళ్లను బయటికి పంపితేనే నల్లనేల నిజమైన సత్తువ చూపిస్తుంది. పాత మొద్దు తీసి పూడ్చిన గుంత కూడా వేళ్లు కుళ్లేకొద్దీ రెండు మూడేళ్లు కుంగుతూనే ఉంటుంది. పూడ్చేటప్పుడే అర అడుగు ఎత్తుగా పూడ్చి, ప్రతి వానాకాలం తరవాత కుంగిన మేర మట్టి పోయాలి.

మొక్కకు ఊతకర్ర కట్టేటప్పుడు బిగించి కట్టకూడదు. గాలికి కొంచెం ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఏడాది దాటాక కర్ర తీసేయాలి. మామిడి అంటు మొదటి రెండు మూడేళ్లు పూత పూసినా తుంచేయడం మంచిది, అప్పుడే కొమ్మలు బలపడతాయి. మొదటి వేసవిలో రెండు మూడు రోజులకోసారి నీళ్లు కావాలి. రెండో వేసవికి వారానికోసారి, మూడో వేసవికి పదిహేను రోజులకోసారి చాలు. పాదును మాత్రం ఏటా వెడల్పు చేస్తూ, నీళ్లు కాండం మొదట్లో కాకుండా కొమ్మల గొడుగు అంచు కింద నిలిచేలా చూసుకోవాలి. నీళ్లు పీల్చే లేత వేళ్లు అక్కడే ఉంటాయి.